బండి వెంటనే అందుకోవడం లేదా? ముందు చెవితో వినండి

గత వర్షాకాలంలో ఒక రాత్రి రెండు గంటలు దాటాక మా సంఘం అంబులెన్సు కోసం ఫోన్ వచ్చింది. నెలలు నిండిన ఒక సోదరికి నొప్పులు మొదలయ్యాయి, కాకినాడ జీజీహెచ్‌కు తీసుకెళ్లాలి. డ్రైవర్ భాయి ఐదు నిమిషాల్లో షెడ్డు దగ్గరికి చేరుకున్నాడు. తాళం తిప్పితే ఇంజన్ బరువుగా, మూలుగుతున్నట్టు తిరిగింది గానీ అందుకోలేదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారికి స్టార్ట్ అయింది. అల్హందులిల్లాహ్, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. కానీ గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన ఆ నిమిషాలను ఆ కుటుంబం మరిచిపోలేదు. మేమూ మరిచిపోలేదు.

మరునాడు బండిని చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. ఏడు వేల రూపాయలకు పైగా పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. రెండు వారాలు బాగానే నడిచి మళ్లీ అదే మూలుగు మొదలైంది. చివరికి తేలిందేమిటంటే, ఇంజన్‌కూ బండి ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి సగం తెగిపోయింది. దాన్ని మార్చడానికి అయిన ఖర్చు మూడు వందలు. పాత బ్యాటరీని అప్పటికే మార్పిడిలో ఇచ్చేశాం కాబట్టి అది నిజంగా పోయిందో, బాగానే ఉందో ఇక తెలుసుకునే దారి లేదు.

ఆ ఏడు వేలు మా సొంతం కాదు. జుమా రోజున డబ్బాలో పది రూపాయలు వేసిన కూలీ సోదరుడిది, ఇంటి ఖర్చులో మిగిల్చి పంపిన అక్కచెల్లెళ్లది. అది అమానత్. పరీక్షించకుండా సామాను మార్చడం అమానత్‌ను జాగ్రత్తగా వాడటం కాదని ఆనాడు మాకు బాగా తెలిసొచ్చింది. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ వ్యాసం. అంబులెన్సు, జనాజా బండి నడిపే ఇతర జమాతుల వారికీ, ఆటో, గూడ్స్ వ్యాన్ నమ్ముకుని బతికే మన సోదరులకూ ఇది పనికొస్తుందని ఆశ.

ఇంజన్ ఎలా అందుకుంటుంది?

పాత అంబాసిడర్ కార్లకు ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి తిప్పడం మన పెద్దల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ హ్యాండిల్ చేసే పనినే ఇప్పుడు సెల్ఫ్ మోటారు చేస్తోంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పటి నుంచి సూత్రం ఒకటే. బ్యాటరీ కరెంటు సెల్ఫ్‌ను తిప్పుతుంది, సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతుంది, ఇంజన్ తనంతట తాను మండటం మొదలుపెట్టగానే సెల్ఫ్ తప్పుకుంటుంది.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ సుమారు 16 నుంచి 20 రెట్లు కుదిస్తుంది. సైకిల్ పంపు గట్టిగా కొడితే కింది భాగం వేడెక్కినట్టే, కుదించిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్ చిమ్మితే అది దానంతట అదే అంటుకుంటుంది. అంటే డీజిల్ ఇంజన్ అందుకోవడానికి మూడు కావాలి: తగిన వేగంతో తిరగడం, తగినంత డీజిల్ అందడం, తగినంత వేడి పుట్టడం.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే కుదించిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, పుట్టిన వేడి సిలిండర్ గోడలకు పోతుంది, డీజిల్ పంపు కూడా సరిగా ఒత్తిడి కట్టదు. తప్పు కరెంటుది. కానీ చూసేవారికి డీజిల్ తప్పులా, ఇంజన్ తప్పులా కనిపిస్తుంది. అందుకే మొదట తేల్చుకోవలసింది వేగం సంగతి.

మొదటి ప్రశ్న: నెమ్మదిగా తిరుగుతోందా, బాగా తిరిగి ఆలస్యంగా అందుకుంటోందా?

బానెట్ ఎత్తక ముందే, స్పానర్ పట్టక ముందే చెవి పెట్టి వినండి. బాగున్న రోజు సెల్ఫ్ ఎలా తిరుగుతుందో డ్రైవర్ చెవికి తెలుసు. ఇంజన్ ‘రూ... రూ...’ అంటూ ఒక్కో కుదింపు దగ్గర ఆగి ఆగి తిరిగితే గొడవ కరెంటు వైపు ఉంది. మామూలు వేగంతో గలగలా తిరుగుతూ అయిదారు సెకన్లకు గానీ అందుకోకపోతే గొడవ డీజిల్ వైపో, వేడి వైపో ఉంది. ఈ ఒక్క విభజన చేయగలిగితే సగం పని అయినట్టే. ఆ రాత్రి మా బండి మూలిగింది. అది కరెంటు రోగమే. మేము కరెంటు దారి మొత్తం చూడకుండా దాని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం.

నెమ్మదిగా తిరిగితే

బ్యాటరీ నుంచి మొదలుపెట్టడం సరైనదే. మారుస్తూ కాదు, కొలుస్తూ మొదలుపెట్టాలి. ఎలక్ట్రికల్ కొట్లో దొరికే చిన్న మల్టీమీటర్ చాలు. బండిని రాత్రంతా ఆపి ఉంచి, ఉదయం తాళం తిప్పక ముందు బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సుమారు సగం. 12 దగ్గర, అంతకంటే కింద ఉంటే దాదాపు ఖాళీ. తర్వాత మరొకరు సెల్ఫ్ కొడుతుండగా కొలవండి. 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనంగానైనా ఉండాలి, సెల్ఫ్ మోటారు అవసరానికి మించి కరెంటు లాగుతూనైనా ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో చార్జింగ్ ఇస్తున్నట్టు.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఆరు గదులనూ విడివిడిగా చూడాలి. నిండు చార్జింగ్‌లో 1.250 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. అయిదు గదులు బాగా చూపించి ఒక్క గది 0.050 కంటే ఎక్కువ తేడాతో కిందికి ఉంటే ఆ గది పోయినట్టే, బ్యాటరీ మార్చక తప్పదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి.

బ్యాటరీ బాగుంటే తర్వాత దారి చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా? చేత్తో తిప్పితే కదులుతోందా? వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే చాలాసార్లు అక్కడితో గొడవ తీరుతుంది.

చాలామంది మరిచిపోయేది, మేమూ మరిచిపోయింది, తిరుగు దారి. కరెంటు ఎర్ర వైరు ద్వారా సెల్ఫ్‌కు వెళ్తే సరిపోదు, ఇంజన్ లోహం ద్వారా, ఎర్త్ పట్టీ ద్వారా బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ పట్టీ ఇంజన్ కింద, బురద చిమ్మే చోట ఉంటుంది. కాలువ గట్ల తేమ, వర్షాకాలం నీళ్లు తగిలి పైకి కనిపించకుండానే తుప్పు పడుతుంది.

‘లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి కదా, కరెంటు బాగానే ఉన్నట్టే’ అని మాలో ఒకరు అన్నారు. లెక్క వేస్తే ఈ మాటలో పొరపాటు తెలుస్తుంది. వ్యాన్ సెల్ఫ్ మోటారు లాగే కరెంటు 300 యాంపియర్లు అనుకుందాం. పాడైన జాయింటులో అడ్డు ఓమ్‌లో వెయ్యింట అయిదు వంతులే ఉన్నా, 300ను 0.005తో గుణిస్తే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగేది సుమారు 10 యాంపియర్లు. అదే జాయింటు మీదుగా వెళ్లినా పోయేది 0.05 వోల్టు. కంటికి ఆ తేడా తెలియదు. లైటుకు సరిపోయే దారి సెల్ఫ్‌కు సరిపోకపోవచ్చు. సందు గొందిలో సైకిల్ పోతుంది, లారీ పోదు, అలాంటిదే ఇది.

దీన్ని పట్టుకునే పద్ధతి సులువు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొన ఇంజన్ శుభ్రమైన లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, మహా అయితే 0.3 వోల్టు లోపు రావాలి. మా బండికి 1.6 వచ్చింది! అలాగే బ్యాటరీ పాజిటివ్‌కూ సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకూ మధ్య 0.5 లోపు ఉండాలి. మీటరు లేకపోతే, జంపర్ వైరుతో బ్యాటరీ నెగెటివ్‌ను నేరుగా ఇంజన్ లోహానికి తగిలించి స్టార్ట్ చేసి చూడండి. మూలుగు పోయి చురుగ్గా తిరిగితే ఎర్త్ పట్టీదే తప్పు.

బ్యాటరీ, వైర్లు, ఎర్త్ అన్నీ బాగుండి కూడా నెమ్మదిగా తిరిగితే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పించాలి. కార్బన్ బ్రష్షులు అరగడం, బుష్షులు లూజై ఆర్మేచర్ రాసుకోవడం, సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోవడం అందులో మామూలుగా వచ్చే జబ్బులు. చాలామటుకు లోపలి సామాను మార్చి బాగుచేయవచ్చు.

సేవా బండ్లకు బ్యాటరీ ఎందుకు త్వరగా పోతుంది?

ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే స్టార్టింగ్ కష్టానికి మొదటి కారణం చలి అని ఉంటుంది. మంచు పడే దేశాలకు అది నిజం. మన సామర్లకోటలో సంక్రాంతి చలి కూడా ఇంజన్‌కు పెద్ద లెక్క కాదు. ఇక్కడ బ్యాటరీకి శత్రువు ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి క్షీణత సుమారు రెట్టింపవుతుందని ఒక లెక్క. రేకుల షెడ్డు కింద రోహిణి కార్తెలో నిలబడిన బండి బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ వానాకాలంలోనో, చలికాలంలోనో బయటపడుతుంది.

రెండో కారణం వాడకం. మన బండ్లు ఎక్కువగా నిలబడే ఉంటాయి. వారం తర్వాత ఒక జనాజా, ఇంటి నుంచి మస్జిదుకు, మస్జిదు నుంచి ఖబరస్తాన్‌కు రెండు కిలోమీటర్లు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయింది కూడా ఆ దూరంలో సరిగా తిరిగి నిండదు. సగం చార్జింగ్‌తో రోజుల తరబడి నిలబడితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది.

మూడో కారణం మనం అమర్చే అదనపు సామాను: ఇన్వర్టర్, సైరన్, లోపలి లైట్లు, ఫ్యాను. అన్నీ ఆపి, తలుపులు వేసి, తాళం తీసిన తర్వాత బండి లాగే కరెంటు 50 మిల్లీ యాంపియర్ల లోపు ఉండాలి. ఇన్వర్టర్ స్విచ్ ఆపడం మరిచి ఒక్క యాంపియర్ లాగుతూ ఉంటే రోజుకు 24 యాంపియర్ అవర్లు పోతాయి. 75 యాంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. అలాంటి బండికి ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా దండగే.

బాగా తిరిగి ఆలస్యంగా అందుకుంటే

ఇప్పుడు కళ్లతో చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒకరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి. తెల్లని పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదు. అసలు పొగే లేకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు.

పొగ లేకపోతే: రాత్రంతా నిలబడిన తర్వాత ఆలస్యంగా అందుకుని, ఆపి వెంటనే కొడితే టక్కున స్టార్ట్ అయితే, లైనులో గాలి దూరుతోందని అనుమానించాలి. మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే. ఎక్కడో వాషరో, పైపు క్లిప్పో లూజై, రాత్రి డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం ముందుగా ఫిల్టర్ మీది చేతి పంపును గట్టిపడే వరకు నొక్కి స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే లీకు ఉన్నట్టే. గాలి లోపలికి పీల్చుకునే చోట డీజిల్ బయటికి కారకపోవచ్చు, అందుకే ఈ జబ్బు కంటికి కనిపించదు.

ఎప్పుడు కొట్టినా ఆలస్యం అవుతూ, ఎత్తులో లాగుడు కూడా తగ్గితే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. వర్షాకాలంలో ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంత డీజిల్‌ను గాజు సీసాలో పట్టి నిలకడగా ఉంచండి. నీళ్లుంటే బరువుకు అడుగున వేరుగా తేలిపోతాయి. సగం ఖాళీ ట్యాంకులో తేమ గాలి చల్లబడి నీటి చుక్కలవుతుంది. నిలబడి ఉండే బండికి ట్యాంకు నిండుగా ఉంచడం మంచిదనేది ఇందుకే.

తెల్లపొగ వస్తుంటే: హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో డాష్‌బోర్డు మీద వాటి దీపం ఆరేవరకు ఆగి సెల్ఫ్ కొడుతున్నారో లేదో ముందు అడగండి. హడావిడిలో డ్రైవర్లు ఆగరు. తర్వాత ప్లగ్గులు, వాటి రిలే, ఫ్యూజు చూపించాలి. అవీ బాగుంటే నాజిళ్లు, ఆ తర్వాతే కంప్రెషన్. రింగులు అరిగాయి, ఇంజన్ బోర్ చేయాలి అనే మాట అన్నిటికంటే చివర రావాలి. ఆయిల్ తాగడం, నడుస్తుంటే నీలిపొగ, లాగుడు తగ్గడం లాంటి గుర్తులు కూడా ఉంటేనే ఆ మాట నమ్మాలి.

కామన్ రైల్ ఇంజన్ల సంగతి కొంచెం వేరు. రైలు పైపులో సుమారు 200 బార్ల ఒత్తిడి చేరేవరకు కంప్యూటరు నాజిళ్లను తెరవదు. నాజిళ్లు లోపల అరిగి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తుంటే ఆ ఒత్తిడి చేరడానికి ఆలస్యం అవుతుంది. ఇది స్కానర్ పెట్టి చూడవలసిన పని. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఈ ఇంజన్లలో పైపు నట్టు వదులు చేసి గాలి తీసే పాత అలవాటు ప్రమాదం. ఆ ఒత్తిడికి చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

పెట్రోల్ బండి, ఆటో నడిపేవారికి ఒక చిట్కా. ఇంజెక్షన్ ఇంజన్ అయితే తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి, ఆపి, మళ్లీ ఆన్ చేసి అప్పుడు స్టార్ట్ చేయండి. ఇలా చేస్తే వెంటనే అందుకుని, నేరుగా కొడితే అందుకోకపోతే, నిలబడి ఉన్నప్పుడు పెట్రోల్ లైనులో ఒత్తిడి జారిపోతోందని అర్థం. రెండు పద్ధతుల్లోనూ ఆలస్యమే అయితే స్పార్క్ ప్లగ్గు విప్పి చూడటం తర్వాతి మెట్టు.

చేయకూడనివి

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు. మళ్లీ కొట్టే ముందు కనీసం ఒక నిమిషం ఆగాలి. లేకపోతే బాగున్న సెల్ఫ్ కాలిపోతుంది, ఉన్న చార్జింగ్ పోతుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టవద్దు, లోపలే పేలి పిస్టన్ దెబ్బతింటుంది. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, బీడీ వద్దు. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ అంటుకుంటుంది. రోగిని లోపల ఉంచి బండిని తోయవద్దు.

మరో బండి నుంచి కరెంటు తీసుకోవలసి వస్తే వరుస ఇది: ఎర్ర వైరు ముందు మన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత బాగున్న బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల వైరు ముందు బాగున్న బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొన మన ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి. పాజిటివ్, నెగెటివ్ తారుమారైతే కంప్యూటరు, డైనమో రెండూ కాలిపోవచ్చు.

ఇప్పుడు మేము పాటిస్తున్నది

ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్న మన ప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసిందే. ఆ రాత్రి తర్వాత మేము బండి విషయంలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

వారానికి రెండుసార్లు ఫజ్ర్ తర్వాత బండి తీసి పెద్దాపురం దాటి అరగంట తిప్పి తెస్తున్నాం. ఊరికే నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి ఉంచితే బ్యాటరీ సరిగా నిండదు. ప్రతి జుమాకు ముందు బ్యాటరీ వోల్టేజి కొలిచి షెడ్డులో వేలాడదీసిన పుస్తకంలో రాస్తున్నాం. ఎన్ని సెకన్లకు అందుకుందో కూడా రాస్తున్నాం. రెండు సెకన్లది నాలుగైతే అది హెచ్చరిక. ఇంజన్ ఒక్కరోజులో మొరాయించదు, వారాల ముందే చెబుతుంది. నెలకోసారి టెర్మినళ్లు, ఎర్త్ పట్టీ చూడటం, వానాకాలంలో ఫిల్టర్ నీళ్లు వదలడం డ్రైవర్ భాయి బాధ్యత. పరీక్ష ఫలితం పుస్తకంలో లేకుండా వెయ్యి రూపాయలు దాటిన ఏ సామానుకూ కమిటీ సంతకం పెట్టదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది. రెండుసార్లు కొట్టినా అందుకోకపోతే మూడోసారి కొట్టే ముందే 108కు ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఉండగా, మా బండి పరువు కోసం రోగిని ఆపే హక్కు మాకు లేదు. ఏ బండి ముందు వస్తే ఆ బండిలో వెళ్తారు. మన బండి అందుకుంటే వెనకే వెళ్లి తోడుంటాం.

జమాతు సోదరులకు ఒక విన్నపం. మీలో ఎలక్ట్రికల్ పని, మెకానిక్ పని తెలిసినవారు నెలకు ఒక్క గంట షెడ్డుకు వచ్చి బండిని చూసి వెళ్లండి. డబ్బు రూపంలోనే కాదు, చేతి విద్య రూపంలో ఇచ్చినదీ సదఖాయే. నడిరాత్రి ఒక ఇంటి గుమ్మంలో ఎదురుచూసే తల్లికి మన బండి మొదటి తిప్పుకే అందుకునేలా అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.